ఎంగిలి చిరునామా

నేను ఒక ఐపీ చిరునామాని. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు, అంతే నా ఒళ్ళు. కంపెనీల కంప్యూటర్ల నుంచి బయటికి పోయే ప్రతి కబురూ మాలో ఒకరి పేరు చెప్పుకునే పోవాలి. అందుకే మమ్మల్ని అద్దెకిస్తారు.

నా తొలి యజమాని ముసలివాళ్ళకు 'మీ పింఛను ఆగింది, ఇక్కడ నొక్కండి' అంటూ రోజుకు లక్ష దొంగ కబుర్లు పంపాడు. అన్నీ నా పేరు మీదే. ఊరూరి కాపలా కంప్యూటర్లు నన్ను దొంగల జాబితాకెక్కించాయి. పనైపోగానే వాడు నన్ను నమిలిన కిళ్ళీలా ఊసేశాడు.

అద్దెకిచ్చేవాళ్ళు కడగకుండానే నన్ను విశాఖపట్నంలోని ఒక కంపెనీకిచ్చారు. ఆసుపత్రులు రక్తం అడిగితే ఆ కబురు రక్తనిధులకు చేరవేయడం దాని పని. రద్దీ పెరిగితే దాని ప్రోగ్రాముకు నకళ్ళు వాటంతటవే లేచేవి, తగ్గితే పోయేవి. ఒక్కో నకలు ఒక్కో కొత్త చిరునామాతో బయటికి వెళ్ళేది. రక్తనిధులేమో ముందుగా రాసిచ్చిన చిరునామాలకే తలుపు తీసేవి.

"ఎన్ని నకళ్ళు లేచినా బయటికి ఒకటే దారి ఉండాలండి. దానికో మంచి చిరునామా, అది పోతే ఆదుకోడానికి ఇంకోటి, చూసి పెడదాం," అని ఇంజినీరు హైమవతి మూడు నెలలు అడిగింది. "చూద్దాంలేమ్మా," అనేవాడు మేనేజరు పట్టాభి.

డెంగీ వచ్చింది. ఒక ఉదయం నూటఇరవై నకళ్ళు లేచాయి, తలుపులన్నీ మూసుకున్నాయి. పట్టాభి చేతికందిన నన్ను తగిలించి, రక్తనిధులకు నా పేరు రాసిచ్చి, అన్నిటినీ నా మీదుగానే పంపమన్నాడు. "దీని చరిత్ర చూడొద్దా అండీ?" అంది హైమవతి. "ఇప్పుడు టైమేదమ్మా!"

తొమ్మిదేళ్ళ పాపకు ప్లేట్‌లెట్లు కావాలన్న కబురు నా పేరుతో వెళ్ళింది. పెద్ద రక్తనిధి కాపలా కంప్యూటరు నన్ను చూస్తూనే గుర్తుపట్టి గెంటేసింది. నా మీద నాకే రోత పుట్టింది.

హైమవతి ఆ రక్తనిధికి ఫోను చేసింది. "నేను చదువుతాను, రాసుకోండి బాబూ. ముందు ఆ పాప పేరు." గొంతు బొంగురుపోయేదాకా యాభైమూడు పేర్లు చదివింది. ప్లేట్‌లెట్లు చేరేసరికి పాప ముక్కు నుంచి రక్తం కారుతోందట. బతికింది.

మర్నాడు శుభ్రమైన చిరునామాలు రెండొచ్చాయి.

"దీని మచ్చ తీయించేదాకా మన దగ్గరే ఉండనివ్వండి," అంది హైమవతి.

"ఎందుకమ్మా? వదిలేస్తే ఎవడికో పోద్ది. మనకేటి?"

"ఎవడికో అంటే ఎవరికండీ? ఇంకో ఆసుపత్రికే పోతే?"

పట్టాభి నవ్వి, టీ తాగుతూనే ఒక్క నొక్కుతో నన్ను వదిలించుకున్నాడు. మొదటివాడు దొంగ, దొంగలాగే బతికాడు. ఈయన మర్యాదస్తుడు. నాకు ఎక్కువ అసహ్యం ఈయనంటేనే.

గంట తిరక్కుండా నన్నొక అంబులెన్సుల కంపెనీ తీసుకుంది. రేపటి నుంచి ప్రతి పిలుపూ నా మీదుగానే వెళుతుందట. వాళ్ళకింకా తెలియదు.