సొట్ట గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసును. నా ఒంటి మీద చుక్కలు చుక్కలుగా 'చి. సౌ. నాగేంద్రానికి మేనత్త కానుక' అని కొట్టి ఉంటుంది. అది చదివి నన్ను సాధువనుకునేరు. నాకు కోపం ఎక్కువ. నా కథ వినాలంటే దాన్ని కూడా భరించాలి.

రేకు ముక్కను ప్రెస్సులో నొక్కి, సాగదీసి, మెరుగు పెట్టి నన్ను చేశారు. మేనత్త కొని, పేరు కొట్టించి, పెళ్లిలో నాగేంద్రం చేతిలో పెట్టింది. మజ్జిగకో మంచినీళ్లకో పుట్టానని మురిసిపోయాను. అది మూణ్ణాళ్ల ముచ్చటే అయింది.

నాగేంద్రం మొగుడు శింగారావు నన్ను స్కూటరు డిక్కీలోకి మార్చాడు. ఎందుకయ్యా అంటే, ప్లాస్టిక్ గ్లాసులో తాగితే ఒంటికి మంచిది కాదట! వైన్ షాపు గోడ పక్కన నిలబడి, తోటివాళ్లకు ఆ ఆరోగ్య సూత్రం బోధిస్తూ నన్ను నింపుకునేవాడు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మాల వేయిస్తే మారతాడని చుట్టాలన్నారు. వేయించారు. దీక్షలో ఉన్నన్నాళ్లూ చన్నీళ్ల స్నానాలు, నేల పడక, నోటి నిండా శరణాలు. వీధిలో వాళ్లు 'స్వామీ' అని కాళ్లకు మొక్కారు. డిక్కీలో పొడిగా పడుండి నేను కూడా ఆశపడ్డాను. కొండకు వెళ్లొచ్చి మాల తీసిన సాయంత్రమే డిక్కీ మూత లేచింది. తప్పు దేవుడిది కాదు. గడువు పెట్టుకుని మానినవాడు గడువు తీరగానే మొదలుపెడతాడని ఆ పెద్దమనుషుల్లో ఒక్కరికీ తట్టలేదు. మరుసటి ఏడు మళ్లీ మాలే అన్నారు. మళ్లీ అదే తంతు.

ఒకనాడు ఇంట్లోనే నన్ను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కూరలో ఉప్పు లేదని నన్నెత్తి నాగేంద్రం మీదకు విసిరాడు. అడ్డం వచ్చిన కూతురు లిఖిత కనుబొమ్మ చీల్చి, గడపకు కొట్టుకుని పడ్డాను. నా అడుగు సొట్టపోయింది. విసిరింది అతను, చీల్చింది నేను. పసిపిల్ల నెత్తురు నా అంచుకు అంటింది. ఆ రోజు నుంచీ నాకు మనిషి జాతి మీదే మంట.

పిల్ల మెట్ల మీద పడిందని ఆస్పత్రిలో చెప్పాడు. కుట్లు వేసిన నర్సు నమ్మలేదు. నాగేంద్రాన్ని పక్కకు పిలిచి, తాగుడు మానినవాళ్లు వారం వారం కూడి మాట్లాడుకునే చోటొకటి ఈ ఊళ్లోనే ఉందని, చర్చి వెనక అని మాత్రం తనకు తెలుసని చెప్పింది. నాగేంద్రం ఇంటికొచ్చి మొగుడితో ఒకటే మాట అంది.

"వస్తే అక్కడికి రా. రాకపోతే పిల్లని తీసుకుని నేనెళ్లిపోతా. మళ్లీ మాల మాటెత్తితే మాత్రం ఊరుకోను."

బయలుదేరారు, డిక్కీలో నేను. ఊళ్లో చర్చిలు ఒకటా రెండా? తిరిగి తిరిగి, చివరికి టీ కొట్టు దగ్గర దిగి, తాగుబోతుల సంఘం ఎక్కడని అడిగింది పిచ్చితల్లి. అక్కడున్న మగాళ్లంతా విరగబడి నవ్వారు.

"అదిగోనమ్మా," అని ఒకడు వైన్ షాపు చూపించాడు. "పొద్దున్నుంచీ సభ జరగతానే ఉంది."

క్షయకు ఆస్పత్రి ఎక్కడని అడిగితే ఎవరైనా నవ్వుతారా? దీనికి మాత్రం నవ్వొస్తుంది వెధవలకు. శింగారావు తలొంచుకుని స్కూటరు వెనక్కి తిప్పాడు. అప్పుడు పక్కనున్న పంక్చర్ షాపాయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అడ్డం వచ్చాడు. ఆయన పేరు దావీదు.

"ఆగు తమ్ముడూ. నేనూ ఆడికే పోతన్నా. నా ఎనకమాల రా."

చర్చి వెనక సండే స్కూలు గది. పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని పెద్ద మగాళ్లు. ఇంటిపేరు అడగరు, కులం అడగరు. ఎవరి సంగతి వాళ్లే చెప్పుకుంటారు. ఊరికే వినడానికొచ్చానని శింగారావు వారాల తరబడి నోరు విప్పలేదు. తాగడం మాత్రం మానాడు.

ఒక వారం టీ గ్లాసులు చాలలేదు. శింగారావు నన్ను తెచ్చి, కుళాయి కింద తోమి తోమి కడిగాడు. టీ పోసి బెంచీ మీద పెడితే సొట్ట అడుగుతో అటూ ఇటూ ఊగాను.

"ఏంది తమ్ముడూ, నీ గ్లాసు తాగొచ్చినట్టుందే, తూలతంది," అన్నాడు దావీదు. అందరూ నవ్వారు. శింగారావు నవ్వలేదు.

"దీన్ని ఇసిరి నా కూతురి మొహం పగలగొట్టా," అన్నాడు. "మెట్ల మీద పడిందని అందరికీ చెప్పా. పడలా. నేనే."

ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే నాకు ఒళ్లు మండేది. వచ్చే వారం గూడా రమ్మన్నాడు దావీదు, అంతే.

అప్పటినుంచి ఆ గది అలమరే నా ఇల్లు. శింగారావు నాలోనే టీ తాగుతాడు. ఎందుకు తూలుతోందని కొత్తవాళ్లు అడిగినప్పుడల్లా చెప్పుకోక తప్పదు. ఊరు అతన్ని మారిన మనిషని మెచ్చుకుంటోంది. పెళ్లాం మీద గ్లాసు విసరనందుకు మెప్పా?

మొన్న సంఘం వార్షికోత్సవానికి ఇంటివాళ్లను కూడా పిలిచారు. లిఖిత వచ్చింది. ఎదిగింది. కనుబొమ్మ మధ్య ఆ గీత అలాగే ఉంది. ఏమనుకున్నాడో, శింగారావు నాలో టీ పోసి ఆమెకు అందించాడు. ఆమె నా అడుగు తడిమి, సొట్ట దగ్గర వేలు ఆపింది.

"ఇది నీది నాన్నా. నువ్వు తాగు," అని నన్ను అతని ముందు పెట్టి, వేరే గ్లాసు తీసుకుంది.

మంచి పని చేసింది. నేను బెంచీ మీద తూలుతుంటే శింగారావు రెండు చేతులా పట్టుకున్నాడు.