మధ్య స్పీకరు మీద వేసిన నింద

మా పేటలో మాట వినపడకపోతే జనం ముందు స్పీకర్ని అనుమానిస్తారు. తర్వాత వైరుని, ఆ తర్వాత కరెంటుని. చెవి దాకా అనుమానం రావడానికి చాలాకాలం పడుతుంది. కొలంబియాలో మా బరాంకియా ఊరే గోల ఊరు, అందులో మా రెబోలో పేట మరీను. ఇంటింటి అరుగు మీదా తలుపంత పెట్టె ఒకటి వీధి వైపు తిరిగి మోగుతూనే ఉంటుంది. దాని మీదుగా మాట్లాడాలంటే అరవాల్సిందే. అందరం అరుస్తాం కనక ఎవరికి వినపడుతోందో, ఎవరికి లేదో తేలదు.

మాలో పెద్దావిడని దోన్యా అంటాం. ఈ వీధిలో దోన్యా ఎనిల్సా చెవికున్న పరువు చర్చి ఫాదరు మాటకి కూడా లేదు. ఆవిడ భర్త బతికున్నన్నాళ్ళూ పికో నడిపాడు. గోడంత స్పీకరు, దాని ముఖాన నోరు తెరిచిన పులి బొమ్మ, రాత్రంతా డాన్సులు. ఆయన పోయాక పులి అమ్ముడుపోయింది గానీ ఆవిడ చెవి మీద నమ్మకం మాత్రం మాలో అలాగే ఉండిపోయింది. ఎవరింటికి కొత్త సెట్టు వచ్చినా, అట్టపెట్టె పారేయకముందే దాన్ని అరుగు మీద పెట్టి, ఎదురుగా కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెడతారు. ఆవిడ "మోగుతోంది" అంటే ఉంచుకుంటారు. "అరుస్తోంది" అంటే కొట్టువాడికి తిరిగిచ్చేస్తారు.

ఆవిడ అల్లుడు ఎడిల్బెర్టో బస్సు డ్రైవరు. అత్తగారింట్లోనే కాపురం. మనిషి మంచివాడే, స్పీకర్ల దగ్గర మాత్రం చిన్నపిల్లాడు. ఇంట్లో ఉన్నది చవకరకం హోమ్ థియేటరు: చుట్టూ పెట్టుకునే చిన్న స్పీకర్లు, టీవీ కింద మాటల కోసం మధ్య స్పీకరు, మూల ఒక బేస్ పెట్టె. బజారులో ఒక షాపు అద్దం వెనక నిలువెత్తు జత ఒకటి ఉంది. బస్సు అటు పోయినప్పుడల్లా మనవాడు వేగం తగ్గించి దాన్ని చూసుకునేవాడు. ప్రయాణికులు తిట్టేవారు.

ఇలా ఉండగా దోన్యా ఎనిల్సా సీరియల్లో మాటలు మునిగిపోతున్నాయనడం మొదలుపెట్టింది. సంగీతం తెలుస్తోందట, మనుషులు నోట్లో బట్ట కుక్కుకుని మాట్లాడుతున్నట్టుందట. కూతురు నెవిస్‌కి ఎందుకో మనసు కీడు శంకించింది. గ్యాసు బండవాడు తలుపు బాదుతుంటే అమ్మ పక్క గదిలోనే ఉండి పలకలేదని మొగుడితో చెప్పింది. తెలిసినవాళ్ళని బతిమాలి చెవి డాక్టరు దగ్గర గురువారానికి సమయం కూడా తీసుకుంది. ఎడిల్బెర్టో, ఎందుకైనా మంచిది, ముందు స్పీకర్లు పరీక్షించి చెబుతానన్నాడు.

ఆదివారం తల్లీకూతుళ్ళు ప్రార్థనకి వెళ్ళాక పని మొదలుపెట్టాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. చవకరకం సెట్లు బేస్ మోతతో లోపాలు కప్పేస్తాయి కాబట్టి ముందు ఆ మూల పెట్టె కట్టేశాడు. పాట పెడితే మోసపోతామని రేడియోలో వార్తలు పెట్టాడు. మనిషి గొంతు ఎలా ఉండాలో అందరికీ తెలుసు కదా. సన్నగా పెట్టి, అత్తగారి కుర్చీలో కూర్చుని విన్నాడు. తర్వాత మధ్య స్పీకరు వైరు కుడి స్పీకరుకీ, దాని వైరు దీనికీ మార్చాడు. పెట్టెలో లోపముంటే ఏ వైరు తగిలించినా అది బయటపడి తీరాలి.

లోపం ఎక్కడా లేదు. వార్తలు చదివే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. ఆ చవక పెట్టెలు ఇంత నిజాయితీగా పలుకుతాయని అతను ఏనాడూ అనుకోలేదు. అంటే మాటలు మునిగిపోతున్నది స్పీకర్లో కాదు. అది అతనికి ఆ క్షణంలోనే, ఆ కుర్చీలోనే అర్థమైపోయింది.

నెవిస్ వచ్చి ఏమైందని అడిగింది. గోడలకి రంగులు వేయించడానికి దాచిన డబ్బు, అద్దం వెనక నిలువెత్తు జత, రెండూ కలిసి అతని నోట్లోంచి మాట్లాడాయి.

"మధ్య స్పీకరు పోయింది. మొత్తం సెట్టు మార్చాల్సిందే. మీ అమ్మ చెవికేం, నిక్షేపంలా ఉంది" అన్నాడు.

నెవిస్ గుండెల మీద చెయ్యి వేసుకుని హమ్మయ్య అనుకుంది. గురువారం సమయం ఇంకెవరికో ఇచ్చేసింది.

అక్కణ్ణించి ఎడిల్బెర్టోకి అన్నం సయించలేదు. తప్పు చేసినవాడికి రెండే దారులు, చెప్పెయ్యడం లేదా సేవలు చెయ్యడం. మావాడు రెండోది పట్టుకున్నాడు. పొద్దున్నే గుడ్డు పెట్టి వేయించిన మొక్కజొన్న రొట్టె, అదే అరెపా, వేడివేడిగా తెచ్చి అత్తగారి చేతిలో పెట్టేవాడు. ఆవిడ పిలవకముందే నీళ్ళు, అడగకముందే విసనకర్ర. ఆవిడ నవ్వి తల నిమిరితే మాత్రం మొహం తిప్పుకునేవాడు. పక్కింటి మంగలి ఫ్రెడిస్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

"అత్తగారికి ఇంత సేవ చేసే అల్లుణ్ణి చూస్తే నాకు భయమేస్తుంది. ఏం వెధవ పని చేశావురా?" అన్నాడు.

అది హాస్యానికే. కానీ ఎడిల్బెర్టో మళ్ళీ ఆ కొట్టు మెట్లెక్కలేదు, జుట్టు అలాగే పెంచుకున్నాడు.

కార్నివాల్ ముందు శనివారం సాయంత్రం కొత్త జత వచ్చింది. వీధంతా మూగాం. అరుగు మీద పెట్టి, ఎదురుగా కుర్చీ వేశాం. దోన్యా ఎనిల్సా ఉతికిన గౌను వేసుకుని, పెదాలకి రంగు పూసుకుని వచ్చి కూర్చుంది. పాట మొదలైంది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. ఎప్పుడూ మూసుకునేది. ఈసారి మా మొహాల వంకా, పాదాల వంకా చూసింది, వంగి పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. ఆ తర్వాత "మోగుతోంది" అంది. అందరం చప్పట్లు కొట్టాం. నాకూ అనుమానం రాలేదు. ఎడిల్బెర్టో ఒక్కడే చప్పట్లు కొట్టకుండా పెట్టె మీదున్న ఆవిడ అరచేతినే చూస్తున్నాడు.

జనం డాన్సులో పడ్డాక ఆవిడ అల్లుణ్ణి పక్కన కూర్చోమని సైగ చేసింది. నేను వెనకే నిలబడి ఉన్నాను. తగ్గించి మాట్లాడుతున్నాననుకుంది గానీ పాట మీదుగా నాకు ప్రతి మాటా వినపడింది.

"నాకంతా తెలుసు నాయనా. పాత స్పీకరు పోలేదు. నేను ముసలిదాన్నయ్యానని వీధికి తెలియకూడదని నువ్వు నేరం దాని మీద వేశావు. కన్నకూతురికి కూడా రాని ఆలోచన నీకొచ్చింది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

ఆవిడ అతని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఎడం చెవిలో సముద్రం హోరు. పగలూ రాత్రీ ఆగదు. ఒక్కోసారి లేచి నిలబడితే నేల తిరుగుతుంది. నెవిస్‌తో అనకు. మనిద్దరి మధ్యే ఉండనీ."

ఎడిల్బెర్టో ఆవిడ మీదికి వంగాడు. "అత్తయ్యా, రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాడు. ఆవిడ నవ్వి అతని చెయ్యి తట్టింది. గొంతు పెంచి మళ్ళీ అన్నాడు. ఆవిడ ఔనౌనన్నట్టు తలూపి డాన్సు వైపు చూసింది. అప్పుడు తెలిసింది అతనికి, ఈ మాట ఆవిడ చెవిన పడాలంటే అందరి చెవినా పడాలని.

ఆవిడ చేతిలోంచి చెయ్యి తీసుకుని లేచి వెళ్ళి, కళ్ళు కాయలు కాచేలా చూసి కొనుక్కున్న ఆ స్పీకర్లు కట్టేశాడు. మా వీధిలో పాట మధ్యలో ఆగిందంటే ఎవరో పోయారని అర్థం. డాన్సు చేసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నెవిస్ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అతను అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని గొంతు చించుకుని అరిచాడు.

"పాత స్పీకరు బాగానే ఉంది అత్తయ్యా. నీకు వినపడటం లేదని నాకు ఆ ఆదివారమే తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్ళనీకుండా చేసింది నేనే. ఇవి కొనుక్కోవాలని."

ఆఖరి మాట దాకా అందరికీ వినపడింది. ఆవిడకీ వినపడింది. ఆవిడ మా వంక చూడలేదు, అతన్నే చూస్తూ ఉంది.

"అయితే ఆ అబద్ధం నాకోసం కాదా?" అంది.

ఎడిల్బెర్టో కాదన్నట్టు తల ఊపాడు. ఆవిడ అతని చెయ్యి వదిలేసి, కుర్చీ చేతులు పట్టుకుని తడబడుతూ లేచి, కూతురి భుజం అందుకుంది.