చక్రానికి పెట్టిన బొట్టు

మోటారు సైకిలు భద్రావతి ఊరు దాటగానే వెనక కూర్చున్న ప్రభావతి చెయ్యి కొంగుముడి మీద పడింది. చిల్లర ఉందో లేదో చూద్దామని తడిమితే, గుండ్రంగా, గట్టిగా ఇంకేదో తగిలింది. వేళ్ళ మధ్య ఒకసారి దొర్లించి చూసేసరికి తెలిసిపోయింది. అది బండి ముందు చక్రం వాల్వు మూత.

నిన్న దసరా. వాళ్ళుండే లాల్‌పేట్ బొగ్గుగని కాలనీలో ఆ రోజు బొట్టు తప్పించుకున్న ఇనుపముక్క ఉండదు. పానాలు, సుత్తెలు, కుట్టుమిషను, కత్తిపీట, ఆఖరికి సైకిలు పంపుకు కూడా పసుపూ కుంకుమా పడాల్సిందే. ఇక టీవీ తర్వాత తమ ఇంటికొచ్చిన రెండో వైభోగం, కొత్త మోటారు సైకిలు సంగతి వేరే చెప్పాలా? ప్రభావతి దానికి పెళ్ళికొడుక్కి చేసినంత సింగారం చేసింది. బొగ్గుపొడి పట్టి నల్లబడిన రెండు చక్రాల ఇత్తడి మూతల్నీ చింతపండుతో తోమింది. వెనకది బిగించింది. ముందుది ఎక్కడ పోతుందోనని కొంగున ముడేసుకుంది. మూత లేని వాల్వు బోసిగా కనబడితే, దాన్నెందుకు చిన్నబుచ్చాలని దాని నోటికి కూడా వేలితో ఒత్తి మరీ తడి కుంకుమ పెట్టింది. ఇంతలో జమ్మి ఆకు పంచుకునే వాళ్ళు వచ్చారు. మూత మాట కొంగులోనే ఉండిపోయింది.

తెలియక చేశాననడానికి కూడా వీల్లేదు. బండి కొన్న కొత్తలో ఆమె మొగుడు ధనరాజ్ ఇంటికొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పాడు. చాయ్ గ్లాసులు అందిస్తూ ఆమె ఆ పాఠం ఎన్నిసార్లు విందో.

"గిది దుమ్ము కోసమే అనుకుంటరు అందరు. లోపల రబ్బరు ఉంది సూడు. చక్రం జోరుగ తిరిగితే వాల్వుల సూది జరుగుతది, గాలి తప్పించుకుంటది. గప్పుడు పట్టేది గీ మూతనే."

రవ్వంత చెత్త ఇరుక్కున్నా సూది సరిగా కూర్చోదనీ, జోరు మీద ముందు చక్రం మెత్తబడితే బ్రేకు కొట్టినవాడు బతకడనీ కూడా చెప్పేవాడు. ఆ పాఠమంతా ఇప్పుడు ఒక్కో మాటా ఆమె చెవిలో మోగింది.

బండి జోరు మీదే ఉంది. వరోరాలో ఆడబిడ్డ ఇంటికి జమ్మి పట్టుకుని పోతున్నారు. ధనరాజ్ వేసుకున్న కొత్త తెల్ల అంగీ గాలికి ఉబ్బింది. అతని చేతుల మధ్య, పెట్రోలు ట్యాంకు మీద, ఐదేళ్ళ కూతురు విద్య హ్యాండిలు పట్టుకుని కూర్చుంది. తానే నడుపుతున్నానని దాని నమ్మకం. ఎదురుగా బొగ్గులారీలు వరసగా వస్తున్నాయి.

"జర మెల్లగ పోండ్రి," అంది ప్రభావతి.

అతను నవ్వి, రేజు తిప్పి జోరు ఇంకాస్త పెంచాడు. బండి వచ్చిన నాటినుంచీ ఆమె మలుపొచ్చినా, కోడి అడ్డమొచ్చినా, ఏమీ రాకపోయినా మెల్లగ అంటూనే ఉంది. ఆ మాటకు ఇప్పుడు విలువేముంటుంది? మూత సంగతే చెప్పేద్దామనుకుంది. చెబితే ఉలిక్కిపడి బ్రేకు కొడతాడేమో. చెప్పినా భయమే, చెప్పకపోయినా భయమే. తాను పోయినా ఫర్వాలేదు, ట్యాంకు మీద బిడ్డ ఉంది.

బండి ముందుభాగం ఒకసారి అటూ ఇటూ ఊగింది. ధనరాజ్ మెడ బిగుసుకోవడం ఆమె చూసింది. వెంటనే సర్దుకున్నాడు. వేగం మాత్రం తగ్గించలేదు.

ప్రభావతి మొగుడి పక్కనుంచి చెయ్యి చాచి బిడ్డ గౌను గుప్పిట్లో పట్టుకుంది. ముందుకు వంగి అతని చెవి దగ్గర చెప్పింది.

"ఇగో, కడుపుల తిప్పుతుంది. వాంతి అయ్యేటట్టున్నది. మీ అంగి మీదనే పడతది."

లారీలకు బెదరని మనిషి అంగీకి బెదిరాడు. రేజు వదిలేశాడు. వేగం తగ్గేకొద్దీ చక్రం ఇంకా అడ్డదిడ్డంగా లాగింది. హ్యాండిలు అతని చేతుల్లో గడగడలాడింది. ఎదురు లారీ హారను కొడుతూ మీదికే వస్తున్నట్టనిపించింది. ప్రభావతి కళ్ళు మూసుకుంది. ఏ దేవుణ్ణి పిలవాలో తోచక అందరినీ కలిపి పిలిచింది. లారీ గాలి ముఖాన కొట్టి వెళ్ళిపోయింది. బండి రోడ్డు దిగి, నల్లటి దుమ్ములో కొంతదూరం ఈడ్చుకుంటూ పోయి ఆగింది.

విద్య ఒక్కతే నవ్వుతోంది. ఊగడం దానికి నచ్చింది.

ధనరాజ్ చక్రం దగ్గర కూలబడ్డాడు. టైరు నేలకు అతుక్కుంది. వేలితో ఉమ్మి తీసి వాల్వు నోటికి రాశాడు. మిగిలిన కాస్త గాలికి ఎర్రటి బుడగ ఒకటి లేచి పగిలింది. ఇంకొకటి లేచింది. అతను వేలికంటిన కుంకుమ చూసి, తలెత్తి ఆమెను చూశాడు.

ప్రభావతి ముడి విప్పి మూత అతని ముందు పెట్టింది. "నేనే మరిచిన. బొట్టు గూడ నేనే పెట్టిన," అంది. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననే అనుకుంది.

అతను తిట్టలేదు. మూత తీసుకుని అంగీ జేబులో వేసుకున్నాడు. నేలవైపు చూస్తూనే అన్నాడు.

"భద్రావతి కాడనే హ్యాండిలు బరువైంది. గాలి దిగుతుందని నాకు ఎరుకైంది."

"మరి ఆపలేదేంది?"

"ఆపుదమనే అనుకున్న. గప్పుడే నువ్వు మెల్లగ పొమ్మంటివి. ఆపితే నీ మాటకు ఆపినట్టయితదని..."

ప్రభావతికి ఇందాకటి భయం ఇంకా ఒంట్లోంచి పోనేలేదు. దానిమీద ఈ మాటతో ఇంకో భయం వచ్చి పడింది. టైరు మీద భయమైతే పంచర్ దుకాణం దాకా పోతే తీరుతుంది. ఈ మనిషి పక్కన ఇంకా బతకాల్సిన బతుకుంది.

ధనరాజ్ బండి లేపాడు. "భద్రావతి దాక నూకుకుంట పోదం. బిడ్డను మీద కూసోబెట్టు, మెల్లగనే నూకుత," అన్నాడు. మెల్లగ అనే మాట అతని నోట రావడం అదే మొదటిసారి.

విద్య అలవాటు కొద్దీ ట్యాంకు వైపు చేతులు చాచింది. ప్రభావతి దాన్ని చంకనెత్తుకుని, బండికీ తమకూ మధ్య ఎడం ఉంచి, రోడ్డు వారగా నడవసాగింది.