ఆదివారం మొదటి గంట

ధనరాజ్‌కి మాటివ్వడమంటే మహా సరదా. బస్సు కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ, లోపల కాలు పెట్టే సందు లేకపోయినా, "ఎక్కండి, ఎక్కండి, సర్దుకుందాం" అని దారిలో చెయ్యెత్తిన ప్రతివాణ్ణీ ఎక్కించుకున్న మనిషి. రిటైరయ్యాక బస్సు పోయింది గానీ ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు ఎక్కించేది పెళ్ళాం నెత్తి మీదకి.

చర్చి సంఘ పెద్దల కూటంలో "ఈ పని ఎవరు చూస్తారు?" అని ఎవరైనా అనడమే ఆలస్యం, మొదట లేచేది ఈయన గొంతే. "మా సిన్నతల్లి సేస్తాది లెండి. ఇంటికాడ ఖాళీయే కదా." అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఈయన దానాలు చేస్తూనే ఉంటాడు. పెద్ద మనసున్న మనిషని ఊళ్ళో పేరు కూడా వచ్చింది. ఆ పెద్ద మనసు వెనకాల అంట్లు తోమేది ఎవరో పేరు పెట్టిన వాళ్ళు ఆలోచించలేదు.

చిన్నతల్లి అంగన్‌వాడీలో ఆయాగా చేసి, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో పిల్లల ముక్కులు తుడిచి, ఉప్మాలు వండి, మొన్ననే ఇంటికొచ్చింది. ఇంటికొస్తే నడుం వాల్చొచ్చు అనుకుంది పిచ్చిది. ఉద్యోగం ఉన్నప్పుడు సాయంత్రానికైనా పని అయ్యేది.

టెక్కలి నుంచి సముద్రం వైపు పోయే దారిలో వాళ్ళ ఊరు. పేట మధ్యలో మిషను దొరల నాటి పెంకుల చర్చి, దాని పక్కన రెండు ఇనప స్తంభాల మధ్య గంట. మైకులొచ్చాయి, ఫోన్లొచ్చాయి, అయినా పేట ఇప్పటికీ ఆ గంటతోనే నడుస్తుంది. ఆదివారం మొదటి గంట ఆగకుండా గణగణా మోగితే స్నానాలు మొదలవుతాయి. రెండో గంటకి అందరూ గుళ్ళో ఉండాలి. ఎవరైనా పోతే మాత్రం కొట్టే తీరు వేరు. ఒక్క దెబ్బ కొట్టి, దాని మోత పూర్తిగా అణిగేదాకా ఆగి, అప్పుడు ఇంకో దెబ్బ కొట్టాలి. అది విన్నారంటే పొయ్యి మీద ఏముందో కూడా చూసుకోకుండా జనం వీధిలోకి వస్తారు.

ఆ గంట బాధ్యత మొదట ధనరాజే తీసుకున్నాడు. ఆయన మోకాళ్ళు అరిగాక అదీ చిన్నతల్లి చేతికొచ్చింది. దాంతో పేటలో ఎవరి ప్రాణం పోయినా కబురు ముందు వీళ్ళింటికే వస్తుంది. గంట కొట్టే మనిషికి తెలియకుండా చావు పేటకు తెలిసే దారి లేదు మరి.

ఇన్ని పనుల మధ్యా ఆవిడ తనకోసం దాచుకున్నది ఒకటే, గురువారం మధ్యాహ్నం. పక్కింటి గౌరి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చేరి ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లుతారు. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ వడ్డించక్కర్లేదు. ఆ అరుగు మీదే గౌరి ఒకరోజు ప్రస్తావన తెచ్చింది. "భావనపాడు ఎల్దామప్పా. ఈ శనివారం కాదు, ఒచ్చే శనివారం మా గిరిబాబు ఆటో తీస్తాడు. ఎవుల బుట్టలో ఆళ్ళు సద్ది కట్టుకోవడం, సముద్రం ఒడ్డున తిని రావడం."

చిన్నతల్లి చేతిలో వైరు ఆగిపోయింది. ఇంత దగ్గర్లో ఉన్న సముద్రాన్ని ఆవిడ చివరిసారి చూసినప్పుడు కూతురు శ్రావణి గౌను వేసుకుని తిరిగేది.

"అక్కడేటి సేస్తావప్పా?" అని ఎవరో వేళాకోళమాడారు.

"ఏటీ సెయ్యను. కూకుంటాను," అంది చిన్నతల్లి. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ మాట అన్న దగ్గర్నుంచీ ఆవిడకి శనివారం తప్ప ఇంకోటి కనబడలేదు. ఎరుపూ తెలుపూ కలిపి కొత్త బుట్ట మొదలెట్టింది.

ఆ వారమే చూసుకుని అన్నీ మీదపడ్డాయి. సోమవారం పొద్దున్నే శ్రావణి శ్రీకాకుళం నుంచి జ్వరంతో ఉన్న కూతుర్ని ఎత్తుకొచ్చి దింపింది. ఆఫీసులో సెలవు లేదట. "నువ్వు ఖాళీయే కదమ్మా," అని తండ్రి మాటే తనూ అనేసి అదే బస్సెక్కి వెనక్కి పోయింది. మనవరాలు విశాలికి అమ్మమ్మ భుజం మీద తప్ప నిద్ర పట్టదు. ఆ పిల్లని భుజానేసుకునే చిన్నతల్లి ఇంట్లో ప్రార్థనకి వచ్చిన చర్చి స్త్రీల సమాజం వాళ్ళకి కుర్చీలు వేసింది, శనగలు ఉడకబెట్టింది, వాళ్ళు ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు తను తెరిచి పొయ్యి మీద పాలు చూసుకుంది.

బుధవారం ఏసోబు తాత పోయాడు. ఆయన చిన్నకోడలు పరుగున వచ్చి కబురు చెబితే, చేతులకున్న పిండి కడుక్కుని చిన్నతల్లి గంట దగ్గరికి వెళ్ళింది. చావుగంట తేలికనుకుంటారు గానీ దాని బరువు దానిదే. ప్రతి దెబ్బకీ ఆగిపోయిన గంటని మళ్ళీ కదపాలి. కుడి భుజంలో ఏదో కలుక్కుమంది. ఆ భుజంతోనే భూస్థాపనకి వచ్చిన చుట్టాలందరికీ టీలు మోసింది, ఎందుకంటే మాటిచ్చిన పెద్దమనిషి సమాధి దగ్గర పాట ఎత్తుకుంటున్నాడు.

గురువారం మాత్రం అరుగు మీదకి పోయింది. మనవరాలు ఒళ్ళో నిద్రపోతుంటే, నొప్పిపెట్టే చేత్తో బుట్టకి పిడులు బిగించింది. శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక శ్రావణి వచ్చి పిల్లని తీసుకుపోయేసరికి, రేపటికి ఇంక అడ్డేమీ లేదు. పులిహోరకి చింతపండు నానబెట్టి, బుట్టని గోడ మేకుకి తగిలించి, దాన్నే చూస్తూ కాసేపు కూర్చుంది.

చీకటి పడుతుండగా ధనరాజ్ వచ్చాడు, కర్ర ఠకఠకలాడించుకుంటూ, మంచి హుషారుగా. "ఒసే, రేపు బొబ్బిలి నుంచి పాటల జట్టు ఒస్తన్నాది. మధ్యాహ్నం బోజనాలు మనింటికాడే అని పాస్టరయ్యగారికి సెప్పేసినాను."

చిన్నతల్లి మేకుకున్న బుట్ట వైపు చూసింది. "శనివారం నాను సముద్రానికి ఎల్తన్నానని సెప్పినాను కదా బావా."

"సముద్రం ఎక్కడికి పోతాదే? ఎప్పుడెల్లినా అక్కడే ఉంటాది. ఆళ్ళు మళ్ళీ మళ్ళీ ఒస్తారేటి?"

దానికి జవాబు ఆవిడ దగ్గర ఉంది. కానీ జవాబు చెప్పడం కూడా ఒక పనే, ఆ పూటకి ఇంకో పని చేసే ఓపిక ఆవిడకి లేదు. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. చింతపండు గిన్నె మీద మూత పెట్టి పడుకుంది.

మర్నాడు ఆటో ఇంటి ముందు ఆగి హారను కొట్టింది. చిన్నతల్లి కత్తిపీట దగ్గర్నుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలవల్లే అనుకోవచ్చు.

"ఏటప్పా, తయారవలేదేటి?" అంది గౌరి.

"చుట్టాలొస్తన్నారు. మీరెల్లండి."

గౌరి ఆటో దిగబోయింది గానీ మిగతావాళ్ళు తొందరపెట్టారు. ఆటో మలుపు తిరిగేదాకా చూసి చిన్నతల్లి లోపలికి వచ్చింది. అప్పుడు కనబడింది బుట్ట. మేకుకి లేదు, పొయ్యి పక్కన నేల మీద ఉంది. ఇంట్లో ఉన్నవి చాలవని ధనరాజ్ పొద్దున్నే దాన్ని పట్టుకెళ్ళి నిండా ఉల్లిపాయలు తెచ్చాడు. ఆయన తప్పేం లేదు, బుట్ట ఉన్నది ఎందుకు అనుకున్నాడు. ఎర్రటి కొత్త వైరుకి మట్టీ పొట్టూ అంటుకుని ఉంటే, చిన్నతల్లికి దాన్ని తుడవాలని కూడా అనిపించలేదు.

పాటల జట్టు వచ్చింది, తిన్నది, పొగిడింది. "ఇంకో గరిటెయ్యవే" అని ధనరాజ్ కుర్చీలో కూర్చుని మర్యాదలు చేశాడు. సాయంత్రం గౌరి వచ్చేసరికి చిన్నతల్లి పెరట్లో గిన్నెల మధ్య ఉంది. గౌరి ఏమీ మాట్లాడకుండా ఒక పొట్లం గుమ్మానికి తగిలించి పోయింది. విప్పితే ఎండు నెత్తళ్ళ చేపలు. వాటి తలలు గిల్లాలి, ఇసక పోయేలా కడగాలి. సముద్రం కూడా ఆవిడకి పనే పంపించింది.

ఆదివారం వెలుగు వస్తుండగా చిన్నతల్లి మొదటి గంట కొట్టడానికి బయల్దేరింది. చర్చి ఆవరణలో ఎవరూ లేరు. తాడు అందుకుని లాగింది. గంట ఒకసారి మోగింది. వెంటనే రెండోసారి లాగాలి, గంట ఊగుతున్నప్పుడే లాగితే బరువు తెలీదు. కానీ భుజం లేవలేదు. కాస్త ఆగి లాగుదామని నుదురు ఇనప స్తంభానికి ఆనించింది. స్తంభం చల్లగా హాయిగా ఉంది. కళ్ళు మూసుకుంది. తెరిచినప్పుడు గంట పని గుర్తొచ్చి ఇంకోసారి లాగింది. మళ్ళీ ఆనుకుంది. తను నిద్రకీ మెలకువకీ మధ్య ఉండి ఏం కొడుతోందో ఆవిడకి తెలియలేదు. పేటకి మాత్రం బాగా తెలిసింది.

ఒక్క దెబ్బ. మోత అణిగిపోవడం. ఇంకో దెబ్బ.

తలుపులు తెరుచుకున్నాయి. తలకి సబ్బుతో ఒకరు, నోట్లో పుల్లతో ఒకరు వీధిలోకి వచ్చారు. చివరింట్లో ఏళ్ళ తరబడి మంచం మీదున్న పాపమ్మ అవ్వ గంట విని, కోడల్ని పిలిచి, "నాను గాని పోనానేటే?" అని అడిగిందట. కోడలికి ఏం చెప్పాలో తోచక, "నువ్వు కాదులే, పడుకో" అందట. జనం తువ్వాళ్ళు భుజాన వేసుకుని చర్చి వైపు నడిచారు.

"ఎవులు పోనారే సిన్నతల్లీ?"

చిన్నతల్లి ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. చుట్టూ సగం పేట. ఒకావిడ అప్పుడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు మొదలెట్టింది, ఎవరి కోసమో తెలిశాక పేరు కలుపుకోవచ్చని. పక్కనే ఉన్న తన ఇంటి వసారా నుంచి అయ్యగారు బనీను మీదే వచ్చాడు.

"ఎవరూ పోలేదు," అంది చిన్నతల్లి. తాడు వైపు చూసింది. తనేం చేసిందో అప్పుడు అర్థమైంది. "సెయ్యి లెగలేదు. అంతే."

ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారు. అంతలో వెనకున్న జనం పక్కకి తప్పుకున్నారు. ధనరాజ్ వస్తున్నాడు. చేతిలో కర్ర లేదు. ఒక కాలికే చెప్పు ఉంది. అరిగిపోయిన మోకాళ్ళతో పడుతూ లేస్తూ, గోడలు పట్టుకుంటూ పరుగులాంటిది పెడుతున్నాడు.

ఆయన ఇంట్లో కాఫీ కోసం చూస్తూ ఉండగా చావుగంట వినిపించింది. ఎవరు పోయినా ముందు కబురు వచ్చేది తన గుమ్మానికే. ఈ రోజు కబురు రాలేదు. గుమ్మంలోకి వచ్చి రోడ్డు చూశాడు, ఎవరూ రావడం లేదు. గంట మోగుతూనే ఉంది. ఎవరు పోతే తనకి కబురు చెప్పడానికి జనం భయపడతారో అప్పుడు తట్టింది ఆయనకి. గంట కొట్టడానికి వెళ్ళిన మనిషి ఇంటికి తిరిగి రాలేదు, తాడు ఇంకెవరో పట్టుకున్నారు అనుకున్నాడు.

గంట కింద నిలబడి ఉన్న చిన్నతల్లిని చూసి ఆగిపోయాడు. దగ్గరికి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూశాడు.

"నువ్వే అనుకున్నానే," అన్నాడు ఆఖరికి.

చిన్నతల్లికి జాలేసింది, కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళూ మింగిన మాట ఇప్పుడు నెమ్మదిగా, ఆయనకి మాత్రమే వినబడేటట్టు వచ్చింది. "సముద్రం ఎక్కడికీ పోదన్నావు. నిజమే బావా. నాను పోతాను."

ధనరాజ్ తల దించుకున్నాడు. ఆవిడ చెయ్యి మాత్రం వదల్లేదు.

అయ్యగారు కుర్రవాడు, మంచివాడే, సమయం ఒక్కటీ తెలీదు. అందరినీ ఇళ్ళకి పంపుతూ వీళ్ళ దగ్గరికి వచ్చాడు. "పోన్లెండి, ఎవరికీ ఏం కాలేదు, దేవునికి స్తోత్రం. అన్నట్టు అమ్మగారూ, ఆరాధన అయ్యాక పెద్దల కూటం పెట్టుకున్నాం. కాస్త టీ, ఏదైనా పలహారం..." అంటూ అలవాటు కొద్దీ ధనరాజ్ వైపు చూశాడు. అక్కడున్న నలుగురూ అటే చూశారు. చిన్నతల్లి చూడలేదు, ఆయన ఏమంటాడో ఆవిడకి కంఠతా వచ్చు.

"ఆవిడికి ఖాళీ లేదయ్యగారూ," అన్నాడు ధనరాజ్.

అయ్యగారికి వెంటనే అర్థం కాలేదు. "అంటే, రెండో గంట అయ్యాకే..."

"రెండో గంటకీ లేదు, టీలకీ లేదు. శనివారం అసలే లేదు," అని, ఆమె చేతిలోంచి తాడు తీసుకున్నాడు. కర్ర లేక నిలబడలేక, స్తంభం కింద సిమెంటు దిమ్మ మీద కూర్చుని లాగాడు. మొదటి గంట మోగింది. వంకరగా, ఒకటి గట్టిగా ఒకటి నెమ్మదిగా, మధ్యలో ఆయన మూలుగుతో సహా మోగింది. పేటలో ఏ ఆదివారమూ అంత అధ్వాన్నంగా మోగలేదు.

చిన్నతల్లికి ఆయన చేతిలోంచి తాడు లాక్కోవాలనిపించింది. చేతులు అటు కదిలాయి కూడా. వాటిని వెనక్కి తీసి ఒళ్ళో పెట్టుకుని, చర్చి మెట్టు మీద ఏమీ చెయ్యకుండా కూర్చుంది.