ఆస్పత్రికి వెళ్ళని శనివారం

ఆ శనివారాలంటే నాకిప్పటికీ ప్రాణం. మధ్యాహ్నం కాగానే మా మేనత్త కుట్టు దుకాణానికి తాళం వేసి, ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, నన్ను వెంటేసుకుని ఆస్పత్రి గేటు దగ్గరికి బయల్దేరేది. గర్భం తీయించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళ కోసం అక్కడ మా చర్చివాళ్ళం ఆరుగురం నిలబడి జపమాల ప్రార్థన చెప్పేవాళ్ళం. అరుపుల్లేవు, నినాదాలు రాసిన అట్టముక్కల్లేవు. ఎవరైనా ఆగితే అత్త టీ ఇచ్చేది. పేరు అడక్కూడదు, ఫోన్ నంబరు అడక్కూడదు, అది ఆవిడ పెట్టిన నియమం. వాచ్‌మన్ మమ్మల్ని "టీకొట్టు అమ్మగార్లు" అని వెక్కిరిస్తూనే తనూ ఓ కప్పు లాగించేవాడు.

ఒక శనివారం పచ్చ స్వెటర్ వేసుకున్నావిడ ఆగింది. టీ తాగినంతసేపూ ఏడ్చింది. లోపలికి వెళ్ళకుండా వెనక్కి తిరిగి, "వచ్చే శనివారం దాకా ఆలోచించుకుంటాను. మీరుంటారా?" అంది.

"ఎందుకుండనమ్మా? ఇక్కడే ఉంటా," అంది అత్త.

మర్నాడు చర్చిలో ఆదివారం పూజలో ఫాదర్ మా బిషప్పు మేత్రాణులవారి ఉత్తరం చదివారు. వేరే ఊరివాళ్ళెవరో ఇంకో ఆస్పత్రి ముందు ఆడవాళ్ళని నానా మాటలూ అన్నారట. మళ్ళీ చెప్పేదాకా మనవాళ్ళెవరూ ఏ ఆస్పత్రి ముందూ నిలబడకూడదట. ఎవరో చేసినదానికి శిక్ష మాకు.

మాతో వచ్చే రిటైరైన పోస్ట్‌మాస్టర్ అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "గదిలో కూర్చుని రాసే ఆయనకేం తెలుసమ్మా? పోదాం పదండి!"

"నచ్చినప్పుడు వినడం, నచ్చనప్పుడు మానడం విధేయత కాదన్నయ్యగారూ," అంది అత్త. అంది గానీ, ఫాదర్ దగ్గరికెళ్ళి ఒక్క శనివారం, ఒక్క గంట అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

శనివారం వచ్చింది. "పోనీ నేనెళ్తానత్తా," అన్నాను.

"నిన్ను పంపితే నేనెళ్ళినట్టే కదే."

ఒకే చొక్కా చేతిని మూడుసార్లు కుట్టింది, మూడుసార్లు విప్పింది. గడియారం వైపు చూడలేదు. నేను చూస్తూనే ఉన్నాను. అత్త మీద ఒళ్ళు మండిపోయింది, ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ఆ పచ్చ స్వెటరావిడ వచ్చిందో లేదో, వస్తే గేటు దగ్గర ఎంతసేపు చూసిందో, మాకు ఎప్పటికీ తెలియలేదు.

తర్వాతి వారం, ఫాదర్‌కి పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందే పాపసంకీర్తనానికి వెళ్ళాం. అత్తకి చెముడు. తను గుసగుసలాడుతున్నాననుకునేది గానీ, వరసలో చివరివాళ్ళకి కూడా వినపడేది. పక్కింటావిడని విసుక్కున్నాననీ, పూజలో కునికిపాట్లు పడ్డాననీ ఆవిడ చెబుతుంటే మేం నోళ్ళు నొక్కుకునేవాళ్ళం. ఆ రోజూ నవ్వడానికి సిద్ధంగానే నిలబడ్డాం.

"ఒకావిడకి మాటిచ్చాను ఫాదర్. మేత్రాణులవారి మాట విని వెళ్ళలేదు."

ఫాదర్ ఆవిడ చెవిలో ఏదో చెప్పారు. వరసలో ఎవరం నవ్వలేదు.

"పాపం కాదంటే ఎలా ఫాదర్?" అంది అత్త. "పాపమైతే మీరు క్షమిస్తారు. కాకపోతే నన్నెవరు క్షమిస్తారు?"