ఆసు వంపు

శుక్రవారం పొద్దున మూడో టేకు ముక్క కూడా చెడిపోయింది. దినేశ్ దాన్ని మిషన్ మీది నుంచి విప్పి, విరిగిన ఆసు మధ్య ఖాళీలో పెట్టి చూశాడు. వంపు ఎక్కుతున్నంతసేపూ బాగానే ఉంది. నడినెత్తికి వచ్చి ఇక దిగాల్సిన చోట, ఎవరో బొటనవేలితో అదిమినట్టు చదునైపోయింది. అక్కడి నుంచి మేకుల రంధ్రాలన్నీ వెంట్రుకవాసి పక్కకు జరిగాయి. వెంట్రుకవాసే. బడిలో లెక్కల సారయితే పోనీలే అని మార్కులు వేసేవాడు. ఆసు వేయదు.

ఆసు అంటే రంగుల చీరలు నేసే ఇళ్లలో గోడవార ఉండే అర్ధచంద్రం లాంటి చెక్క చట్రం. వంపు పొడవునా మేకులుంటాయి. ఎదురుగా ఉన్న ఒక్క మేకు నుంచి వంపు మీది ఒక్కో మేకుకూ దారం తిప్పుతూ పోవాలి. ప్రతి పోగూ ఒకే పొడవు రావాలి. ఆ పేకకు, అంటే పడుగు నిలువుపోగులకు అడ్డంగా నేసే దారానికి, కట్లు కట్టి రంగులో ముంచితేనే మగ్గం మీద బొమ్మ బొమ్మలా పడుతుంది. వంపు తప్పిందా, చిలుక ముక్కు పోయి చిలుక తోకకు తగులుకుంటుంది.

ఆ ఆసును విరగ్గొట్టిన మహానుభావుడు కూడా దినేశే. షాద్‌నగర్‌లో అట్టపెట్టెల కంపెనీలో పనిచేస్తూ, విడిభాగాలు ఒక్కొక్కటే కూడబెట్టి, ఫోనులో వీడియోలు చూసి నులకమంచమంత మిషన్ కట్టుకున్నాడు. కంప్యూటర్లో గీసిన గీత వెంబడి తిరిగి అది చెక్కను కోస్తుంది. నౌకరి మానేసి దాన్ని రామన్నపేట పక్కనున్న తమ ఊరికి తెచ్చి, మగ్గం గుంత పక్కనే జాగా చూసి పెట్టాడు. తొలి ఘనకార్యంగా అమ్మ ఆసుకు అరిగిపోయిన రంధ్రాలు బాగుచేస్తానని దాన్ని మిషన్ మీద పెట్టి బిగించాడు. లోపల చెద తిన్న సంగతి చూసుకోలేదు. నడిమి ముక్క పటుక్కుమంది. అమ్మ భద్రమ్మ విరిగిన ముక్కలు ఏరి గోడవార పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ రోజుతో మగ్గం ఆగింది. సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. ఆ చీరకు ఆ ఆసు కొలతే కావాలి కాబట్టి పక్కింటి ఆసు పనికిరాదు. ఆసులు చేసే వడ్ల వీరేశం హైదరాబాదులో అల్మారీలు చేస్తున్నాడు, దసరా దాకా కుదరదన్నాడు. చేతికి పని లేక అరుగు మీద కూర్చున్న తండ్రి లక్ష్మీనర్సయ్య దగ్గరికి సరిగ్గా అప్పుడే వచ్చాడు అమరేందర్, షాద్‌నగర్ గోదాములకు వాచ్‌మన్లను కుదిర్చే మనిషి. ముప్పై ఏళ్లు గుంతలో కాళ్లు పెట్టి నేసిన మనిషి ఒక్క పూటలో తల ఊపేశాడు. నీలం యూనిఫారం వచ్చింది, ఇస్త్రీ అయింది, గోడ మేకుకు ఎక్కింది. సోమవారం పొద్దున ప్రయాణం.

“సోమారం లోపల ఆసు నిలబెడ్త బాపూ,” అన్నాడు దినేశ్.

“నిలబడ్డప్పుడు సూద్దాం,” అన్నాడు లక్ష్మీనర్సయ్య.

గేటు దగ్గర కుర్చీలో ఒకసారి కూర్చున్నవాడు మళ్లీ గుంతలోకి దిగడు. వెనకింటి పరశురాం దిగలేదు. వాళ్ల మగ్గం కట్టెలు ఇప్పుడు గొర్రెల దొడ్డికి అడ్డంగా ఉన్నాయి. తన చేతులతో తన తండ్రిని గేటుకు పంపుతున్నానన్న ఆలోచన వచ్చినప్పుడల్లా దినేశ్ అన్నం పళ్లెం పక్కకు నెట్టి మిషన్ దగ్గరికి లేచి పోతున్నాడు.

చేయని పని లేదు పాపం. కత్తి మార్చాడు. వేగం సగానికి తగ్గించాడు. చక్రాలు తుడిచాడు, పట్టాలకు నూనె పెట్టాడు, కంప్యూటర్లో అంకెలన్నీ మళ్లీ కొట్టాడు. ఫోనులో ఇలాంటి మిషన్ల వాళ్ల గుంపు ఉంది. అక్కడ అడిగితే ఒకరు మోటారు అన్నారు, ఒకరు బోర్డు మార్చమన్నారు. ఒకాయన మాత్రం, సరళరేఖలు బాగుండి వంపులే తప్పుతున్నాయంటే ఎక్కడో వదులుంది, బెల్టులు చూసుకో అన్నాడు. దినేశ్‌కు ఒళ్లు మండింది. బెల్టులు తన చేత్తో బిగించినవే, పనికి సడలిన మేరకు రోజూ సాయంత్రం మళ్లీ బిగిస్తున్నవే.

అతనికి పిచ్చెక్కించింది ఆ సాయంత్రాల సంగతే. రోజూ సాయంత్రం అన్నీ సరిచూసి ప్లైవుడ్ మీద సున్నా కోస్తే రూపాయి బిళ్లలా గుండ్రంగా వస్తుంది. ఊళ్లో సాయంత్రం కరెంటు నమ్మరానిది కాబట్టి టేకు ముక్కను పొద్దున పెడతాడు. పొద్దున చదును. రాత్రికి రాత్రి ఈ మిషన్‌కు వచ్చే రోగం ఏమిటి? మంచు పడే కాలం కూడా కాదు. చివరికి భద్రమ్మ మిషన్‌కు ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. కంప్యూటర్ చదివిన కొడుకు నోరు మూసుకుని నిలబడి తీయించుకున్నాడు.

మూడు ముక్కలే ఉన్నాయి ఇంట్లో ఎండిన టేకు. మూడూ పోయాయి. శనివారం రామన్నపేట వెళ్లి కట్టె కోత మిషన్లన్నీ తిరిగాడు. అంతటా పచ్చి కట్టె. వారం తిరగకముందే వంకర పోయే కట్టె. వట్టి చేతులతో బస్సు దిగి, దీపాలు పెట్టే వేళకు ఇంట్లో అడుగుపెట్టాడు. ఇక అయిపోయింది, బాపుకు చెప్పేయాలి అనుకున్నాడు.

బాపు మిషన్ దగ్గరే ఉన్నాడు. ఒంగి, బెల్టు చివరి స్క్రూను తిప్పుతున్నాడు. తిప్పి, బెల్టు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసి, ఇంకొంచెం తిప్పాడు.

“ఏం చేస్తున్నవ్ బాపూ?”

“వదులు చేస్తున్న. పొద్దుమీకినంక గంత బిగపట్టి ఉంచుతమా? పడుగైనా తెల్లందాక గుంజి ఉంచితే పాణం పోతది. నువ్వు మర్శిపోతున్నవని దినాం నేనే సూసుకుంటున్న.”

“దినామా?”

“దినాం. తెల్లారంగ మళ్ల బిగిస్తున్న గద. పడుగుకు బిగించినట్టే, చెయ్యి పెడితే జర లొంగేటట్టు.”

మూడు ముక్కలూ నువ్వే ఖరాబు చేసినవ్ అన్న మాట దినేశ్ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఈ మిషన్ ఎందుకు, ఏం చేస్తుంది అని తండ్రి ఒక్కనాడూ అడగలేదు. అది ఇంటికి రావడం ఆయనకు గిట్టలేదనే అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఆయనేమో మగ్గానికి చేసినట్టే దానికీ రోజూ సేవ చేస్తున్నాడు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఏడుపు వచ్చింది.

దినేశ్ బెల్టు మీద వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు. పడుగు లొంగాలి, ఈ బెల్టు లొంగకూడదు. కత్తి ఒక దిక్కుకు పోయినంతసేపు ఫరవాలేదు. వంపు నెత్తిన వెనక్కి మళ్లేటప్పుడు ముందు ఆ వదులంతా తీరాలి. అది తీరేలోపు కత్తి ముందుకు జరిగిపోయి వంపు చదునవుతుంది.

“అంటే నేనే కరాబ్ చేసినన్నట్టు,” అన్నాడు లక్ష్మీనర్సయ్య.

తండ్రి గుంత వైపు వెళ్లాడు. కట్టె మీద కట్టె తగిలిన చప్పుడయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చంకలో మగ్గం ముందు తాను కూర్చునే పలక ఉంది. ముప్పై ఏళ్లు కూర్చోవడంతో మధ్యలో నున్నగా అరిగిన టేకు పలక.

“గిది ఎన్నడో ఎండింది. ఇంక వంకర పోదు. కొయ్యి.”

“మరి నువ్వు దేని మీద కూసుంటవ్?”

“గేటు కాడ కుర్సీ ఇస్తరంట గద.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే దినేశ్‌ను ఎక్కువ కోసింది.

ఆ రాత్రి దినేశ్ బిగించాక బెల్టులను ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారం పొద్దున పలక అరగని పక్క మీద కత్తి దిగింది. వంపు ఎక్కింది, నెత్తికి చేరింది, చదును లేకుండా దిగింది. ముక్కను ఆసులో కూర్చి మేకులు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. భద్రమ్మ దారం తిప్పింది. చివరి మేకు దాకా పోసి, పోగులన్నీ కలిపి పట్టుకుని వేళ్ల మధ్య జార్చి చూసింది. ఒక్క పోగు కూడా ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు.

“మా అమ్మ పోసినట్టే ఉంది,” అంది.

లక్ష్మీనర్సయ్య కూడా వచ్చి చూశాడు. బాగుందనలేదు, బాగులేదనలేదు. పొద్దుగాల షాద్‌నగర్ దిక్కు పోయే బస్సు ఎన్నింటికని భార్యను అడిగి, అరుగు మీదికి వెళ్లిపోయాడు. మాటిచ్చిన మనిషి, పోకుండా ఉంటాడా? దినేశ్ మళ్లీ నీరుగారిపోయాడు. ఆసు నిలబడింది, ఆ పేకను నేసే మనిషే వెళ్లిపోతున్నాడు. ఉన్న ఒక్క పలకనూ తనే కోసేశాడు.

సోమవారం లేచేసరికి గోడ మేకు ఖాళీగా ఉంది. యూనిఫారం లేదు. దినేశ్ చెప్పులు కూడా లేకుండా బస్సు స్టాపు దాకా ఉరికాడు. అక్కడ ఇద్దరు ముసలమ్మలు, ఒక మేక తప్ప ఎవరూ లేరు. బస్సు అప్పుడే పోయిందన్నారు. కాళ్లీడ్చుకుంటూ వెనక్కి వచ్చి గడప ఎక్కుతుంటే, లోపల తాడు కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

లక్ష్మీనర్సయ్య గుంతలో కాళ్లు పెట్టుకుని, ఇన్నాళ్లూ వదులుగా పడి ఉన్న పడుగును బిగిస్తున్నాడు. పలక ఉండాల్సిన చోట నీలం ప్యాంటు, నీలం చొక్కా మడత మీద మడత పెట్టి ఉన్నాయి. ఆయన వాటి మీద కూర్చున్నాడు.

దినేశ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“పలకంత గట్టిగ లేదు గని,” అన్నాడు తండ్రి, పడుగు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూస్తూ, “నడుస్తది.”