ఉప్పు కలిపిన ఐసు

"సంతకం పెట్టు నిన్ఫా. జన్యువుల అతుకు లేదని మీ మెషీనే చెప్పింది. మాత్ర ఆపేసి మామూలు కీమో ఎక్కిస్తా," అన్నాడు డాక్టర్ బెనీసియో.

ల్యాబులో రక్తపరీక్షలు చేసే నిన్ఫా పెన్ను ముట్టుకోలేదు. పై వార్డులో పదిహేడేళ్ల లరీసాకు చిగుళ్ల నుంచి రక్తం ఆగడం లేదు. అది రెండు జన్యువులు తెగి అతుక్కున్న రకం రక్త క్యాన్సర్ అయితే ఆ మాత్రే ప్రాణం నిలుపుతుంది. అనుమానం మీదే మొదలుపెట్టారు. ఆ రకం కాకపోతే ఆ మాత్రతో కాలం వృథా.

ఆమె స్క్రీన్ మీద అడుగున ఉన్న గీత చూపించింది. "ఈ జన్యువు ప్రతి మనిషి రక్తంలోనూ కనబడాలి. ఇదీ కనబడలేదంటే పరీక్షే పనిచేయలేదు. కళ్లు మూసుకుని ఇంట్లో ఎవరూ లేరంటే ఎలా?"

"నువ్వు సంతకం పెట్టేలోగా నేను రిటైరవుతా."

"అవ్వు. మాత్ర మాత్రం ఆపకు."

ట్యూబులో రక్తం ద్రాక్షరసంలా పల్చగా ఉంది. కొన్సెప్సియోన్ ఊరి ఆసుపత్రిలో తీసిన ఆ రక్తాన్ని, కూతురితో పాటు బస్సులో తెచ్చింది లరీసా తండ్రి క్రిస్పీన్. వరండాలో కూర్చుని, ఐసు నీళ్లతో తాగాల్సిన ఆకుల పానీయం తెరెరెను గోరువెచ్చని నీళ్లతో పీలుస్తున్నాడు.

"ఇంత ఎండలో వేడి తెరెరె ఏంటి మామా?"

"నా ఫ్లాస్కులో ఐసంతా రక్తానికే ఇచ్చానమ్మా. నేను ఐస్‌క్రీం బండివాణ్ని, చల్లగా ఉంచడం నాకు తెలీదా! ఐసులో ఉప్పు కూడా కలిపా. రక్తం రాయిలా గడ్డకట్టింది తెలుసా!" అన్నాడు గర్వంగా.

రక్తం అంత పల్చగా ఎందుకుందో నిన్ఫాకు అర్థమైంది. రక్తం గడ్డకట్టి కరిగేసరికి కణాలన్నీ పగిలిపోయాయి. అందులో ఇక చదవడానికి ఏముంది?

"తప్పు చేశానా?" అంటూ అతను లేచి నిలబడ్డాడు.

"మళ్లీ తీస్తాం. మీరిక్కడే ఉండండి."

తాజా రక్తం తనే తీసింది. గాజు పలక మీద కణాలు పరిచి, ఒక జన్యువుకు ఎరుపు, రెండోదానికి ఆకుపచ్చ వెలుగు తగిలించింది. బెనీసియో పక్కనే గోళ్లు కొరుకుతూ నిలబడ్డాడు. "తేలకపోతే సాయంత్రం కీమో ఎక్కిస్తా. ఇక నిన్నడగను."

పొద్దు వాలుతుండగా మైక్రోస్కోపులో మొదటి కణం కనబడింది. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కలిసి ఒకే పసుపు చుక్క; రెండు జన్యువులూ అతుక్కున్నాయి. రెండో కణంలోనూ అంతే. ఆమె వరసగా చూసుకుంటూ పోయింది. ఒక్క కణాన్ని నమ్మి సంతకం పెట్టే మనిషి కాదు.

చివరికి కుర్చీ జరిపింది. "చూడు."

బెనీసియో చాలాసేపు చూశాడు. "పొద్దున్నే ఆపేసుంటే..." అంటూనే, తర్వాతి మాత్ర వేయించడానికి మెట్లెక్కి పరిగెత్తాడు.

నిన్ఫా రిపోర్టులో అతుకు రకం రాసి సంతకం పెట్టింది. క్యాంటీన్ నుంచి గిన్నెడు ఐసు తెచ్చి క్రిస్పీన్ ఫ్లాస్కులో పోసింది.

"అమ్మాయికి వేస్తున్న మందు సరైనదేనని తేలింది మామా. ఈసారి ఐసు మీ తెరెరెలోకే."